యాభై లక్షల్లో ఒకటి

మామిడికాయలు మగ్గేయడానికి వాడే కార్బైడ్ దగ్గర ఘాటైన వాసన ఒకటి వస్తుంది. కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ పుడుతుంది గాని, శుద్ధమైన అసిటిలీన్‌కు చెప్పుకోదగ్గ వాసనేమీ ఉండదు. ముక్కుకు తగిలేది ప్రధానంగా అందులో కల్తీగా కలిసివచ్చే ఫాస్ఫీన్ వాయువు. రెండో ప్రపంచయుద్ధపు తొలి రోజుల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సిలికాన్ దిమ్మల మీద పనిచేస్తున్న జాక్ స్కాఫ్, హెన్రీ థ్యూరర్ అనే లోహశాస్త్రజ్ఞులకు ఈ వాసనే తగిలింది.

అప్పటికి వాళ్లను ఒక ప్రశ్న వేధిస్తోంది. 1940లో వాళ్ల సహోద్యోగి రసెల్ ఓల్ దగ్గరున్న ఒక సిలికాన్ ముక్క, దీపం వెలుగు పడగానే అర వోల్టు దాకా విద్యుత్తు పుట్టించింది. ఆ ముక్కలో ఒక కొస ఒక తీరుగా, రెండో కొస మరో తీరుగా ప్రవర్తిస్తోంది. ఎన్-రకం, పీ-రకం అని ఇప్పుడు ఇంటర్మీడియట్ పుస్తకాల్లో చదువుకునే రెండు సిలికాన్లు పక్కపక్కనే తారసపడిన సందర్భం అది. ఏ పదార్థం కలవడం వల్ల ఈ తేడా వచ్చిందో అప్పటి రసాయన పరీక్షలకు అంతుచిక్కలేదు, వర్ణపట పరికరాలకు కనిపించలేదు. ఎన్-రకం దిమ్మల దగ్గర వచ్చిన ఫాస్ఫీన్ వాసనే దోషి ఫాస్ఫరస్ అని ఆచూకీ ఇచ్చింది.

ముక్కు పేరు చెప్పగలిగింది. కానీ స్ఫటికంలో ఆ ఫాస్ఫరస్ ఎక్కడ కూర్చుంది, దాని ఎలక్ట్రాన్ ఎంత దూరం తిరుగుతోంది, చుట్టూ ఎవరున్నారు అనే సంగతులు చెప్పడానికి మరో పది పదిహేనేళ్లు పట్టింది. ఆ పని చేసిన సాధనం అయస్కాంత అనునాదం.

ఇంత చిన్న విషయానికి ఇంత ఆరాటం ఎందుకో అంకెలు చెబుతాయి. ఒక ఘన సెంటీమీటరు సిలికాన్‌లో 5 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి. ప్రతి పరమాణువూ తన నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లతో చుట్టూ ఉన్న నలుగురితో బంధాలు కట్టుకుని ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ బంధాలు తెంచుకుని స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఘన సెంటీమీటరుకు సుమారు వెయ్యి కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే అయినా విద్యుత్తు మోయడానికి అది ఏ మూలకూ చాలదు. ఇప్పుడు అందులో 1 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఫాస్ఫరస్ పరమాణువులు కలిపారనుకుందాం. యాభై లక్షల సిలికాన్లకు ఒక ఫాస్ఫరస్ అన్నమాట. హైదరాబాదు అంతటి నగరంలో ఇద్దరు మనుషులు మారితే ఎంతో, స్ఫటికంలో వచ్చిన మార్పు అంత. అయినా స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్య ఒక్కసారిగా పది లక్షల రెట్లు పెరుగుతుంది. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, సౌర ఫలకాలు, జేబులోని ఫోను, అన్నీ ఈ కొద్దిపాటి కల్తీ మీద ఆధారపడి నడుస్తున్నాయి.

ఫాస్ఫరస్‌కు బాహ్య ఎలక్ట్రాన్లు ఐదు. నాలుగు బంధాల్లో కుదురుకుంటాయి, ఐదోది మిగిలిపోతుంది. దాన్ని ఫాస్ఫరస్ పట్టుకుని ఉంచే బలం 45 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను పట్టుకునే బలంలో ఇది మూడు వందల వంతు కూడా కాదు. అందుకే గది వేడికే ఆ ఎలక్ట్రాన్ తెగి స్ఫటికమంతా తిరుగుతుంది. స్ఫటికాన్ని ద్రవ హీలియంలో ముంచి 4 కెల్విన్ దాకా చల్లబరిస్తే మళ్లీ ఇంటికొచ్చి తన ఫాస్ఫరస్ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

ఇంటి దగ్గర ఉన్నప్పుడే దాన్ని ప్రశ్నించాలి.

ఎలక్ట్రాన్‌కు ఆవేశం ఉన్నట్టే స్పిన్ కూడా ఉంటుంది. స్పిన్ ఉంది కాబట్టి అది చిన్న అయస్కాంతం. బయటి అయస్కాంత క్షేత్రంలో పెడితే దానికి రెండే భంగిమలు: క్షేత్రం వెంట, క్షేత్రానికి ఎదురుగా. రెండింటి శక్తిలో స్వల్పంగా తేడా ఉంటుంది. సరిగ్గా ఆ తేడాకు సరిపోయే పౌనఃపున్యం ఉన్న తరంగాన్ని పంపితే ఎలక్ట్రాన్ ఆ శక్తిని మింగి భంగిమ మార్చుకుంటుంది. క్షేత్రం ఒక టెస్లా అయితే ఆ పౌనఃపున్యం 28 గిగాహెర్ట్జ్. ప్రయోగశాలల్లో ఎక్కువగా 0.34 టెస్లా క్షేత్రాన్ని, 9.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లను వాడతారు. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రంతో పోలిస్తే అది ఎనిమిది వేల రెట్లు బలమైనది. తరంగాన్ని మార్చకుండా క్షేత్రాన్ని మెల్లగా పెంచుతూ పోతే, ఒకచోట మైక్రోవేవ్ శక్తి కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది. కాగితం మీద అది ఒక గీత. సోవియట్ యూనియన్‌లోని కజాన్ విశ్వవిద్యాలయంలో యెవ్‌గెనీ జవోయ్‌స్కీ 1944లో, యుద్ధం నడుస్తుండగానే, రాగి, మాంగనీసు లవణాల్లో ఈ అనునాదాన్ని మొదటిసారి పట్టుకున్నాడు. యుద్ధం ముగిశాక రాడార్ల కోసం తయారైన మైక్రోవేవ్ పరికరాలు ప్రయోగశాలలకు చేరడంతో ఈ విద్య వేగంగా పాకింది.

అర్ధవాహకాలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోవడానికి కారణం ఒకటుంది. బంధంలో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకటి పైకి చూస్తే రెండోది కిందికి చూస్తుంది, రెండింటి అయస్కాంతత్వం ఒకదానికొకటి కొట్టివేసుకుంటుంది. యాభై లక్షల సిలికాన్లూ అనునాదానికి పలకవు. జంట లేని ఎలక్ట్రాన్ ఉన్నది ఫాస్ఫరస్ దగ్గర మాత్రమే. మామూలు రసాయన పరీక్షలో మెజారిటీ గొంతు మైనారిటీని ముంచేస్తుంది. ఇక్కడ మెజారిటీకి అసలు గొంతే లేదు. విద్యుత్ కొలతలు కల్తీ ఎంత ఉందో, ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో చెబుతాయి. ఆ కల్తీ ఎవరన్నది మాత్రం చెప్పవు. దానికి అనునాదం కావాలి.

1953లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలన్ పోర్టిస్, ఆర్థర్ కిప్, చార్లెస్ కిటెల్, వారితో పాటు ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఒకడైన వాల్టర్ బ్రాటెయిన్, ఫాస్ఫరస్ దండిగా కలిపిన సిలికాన్‌లో ఈ అనునాదాన్ని చూశారు. వాళ్లకు కనిపించింది ఒకే గీత. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ ఫ్లెచర్ బృందం ఫాస్ఫరస్ పాలు బాగా తగ్గించి చూసింది. ఒక గీత రెండుగా విడిపోయింది. రెండింటి మధ్య ఎడం 42 గాస్, అంటే 0.0042 టెస్లా.

ఆ రెండు గీతలకు కారణం ఫాస్ఫరస్ కేంద్రకం. అదీ ఒక చిన్న అయస్కాంతమే, దాని స్పిన్ సగం. బయటి క్షేత్రంలో అది పైకో కిందికో చూస్తుంది. ఎలక్ట్రాన్ అనుభవించే క్షేత్రంలో పెద్ద అయస్కాంతం పెట్టిన దానితో పాటు ఈ కేంద్రకం కలిపిన పిసరు కూడా ఉంటుంది. కేంద్రకం పైకి చూసే చోట ఆ పిసరు కలుస్తుంది, కిందికి చూసే చోట తీసివేతవుతుంది. అందుకే రెండు గీతలు. ఆర్సెనిక్ కేంద్రకం స్పిన్ మూడు సగాలు, దానికి నాలుగు భంగిమలు, నాలుగు గీతలు. ఆంటిమొనీకి ప్రకృతిలో రెండు ఐసోటోపులున్నాయి: 121కి ఆరు గీతలు, 123కి ఎనిమిది, రెండూ కలగలిసి వస్తాయి. బిస్మత్‌కు పది. గీతలు లెక్కపెడితే కల్తీ పేరు బయటపడుతుంది. పీల్చి చూసి ఊహించే అవసరం తీరిపోయింది.

పేరుతో పాటు మరో సంగతి తెలిసింది. ఎలక్ట్రాన్ కేంద్రకాన్ని తాకినట్టుగా ఎంతసేపు ఉంటుందో దాన్ని బట్టే గీతల ఎడం ఉంటుంది. 1930లో ఎన్రికో ఫెర్మీ ఈ సంబంధాన్ని లెక్కకట్టాడు. ఫాస్ఫరస్ విషయంలో ఆ ఎడాన్ని పౌనఃపున్యంలో చెబితే 117.53 మెగాహెర్ట్జ్. ఈ అంకెను గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రాన్ తన కాలంలో ఎంత భాగం ఇంటి గుమ్మం మీద గడుపుతుందో చెప్పేది అదే.

ఫాస్ఫరస్ పాలు పెంచుకుంటూ పోతే ఈ రెండు గీతల మధ్య కొత్త గీత తలెత్తుతుంది. రెండు ఫాస్ఫరస్ పరమాణువులు దగ్గరదగ్గరగా పడినప్పుడు వాటి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, రెండు కేంద్రకాల ప్రభావాన్నీ సగం సగం పంచుకుంటాయి. కేంద్రకాల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తుంటే సరిగ్గా నడిమధ్య గీత వస్తుంది. మూడు, నాలుగు చేరిన గుంపులకు మరిన్ని గీతలు వస్తాయి. ఘన సెంటీమీటరుకు 37 పక్కన 17 సున్నాల స్థాయిని దాటితే ఎలక్ట్రాన్లకు సొంత ఇల్లంటూ మిగలదు. సిలికాన్ లోహంలా మారుతుంది, గీతలన్నీ కరిగి ఒక్కటవుతాయి. బర్క్‌లీలో మొదట కనిపించిన ఒంటి గీత అటువంటిదే.

ఇక్కడ జార్జ్ ఫెహర్ రంగంలోకి వస్తాడు. 1924లో బ్రటిస్లావాలో పుట్టిన ఫెహర్, నాజీల నీడ కమ్ముకుంటుండగా 1941లో పాలస్తీనాకు చేరాడు. తర్వాత అమెరికా వెళ్లి, బర్క్‌లీలో పీహెచ్‌డీ పూర్తిచేసి 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. అప్పటికి అందరి దృష్టీ గీతల ఎడం మీద ఉంటే ఆయన కన్ను గీతల మందం మీద పడింది. ఒక్కో గీత రెండున్నర గాస్ మందంగా వస్తోంది. పరికరం లోపమైతే దాన్ని సరిచేసి వదిలేయవచ్చు. ఆ మందానికి కారణం స్ఫటికంలోనే ఉంది.

సిలికాన్‌లో మూడు ఐసోటోపులున్నాయి. 28, 30 సంఖ్యలవాటికి కేంద్రక స్పిన్ లేదు. నూటికి 4.7 పాళ్లున్న సిలికాన్-29కి మాత్రం ఉంది. ఫాస్ఫరస్ ఐదో ఎలక్ట్రాన్ హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌లా ఇరుకింట్లో ఉండదు. దాని కక్ష్య వ్యాసార్ధం సుమారు 2 నానోమీటర్లు, హైడ్రోజన్‌కు నలభై రెట్లు. అంత మేర పరచుకున్న ఎలక్ట్రాన్ కింద వెయ్యిన్నర పైచిలుకు సిలికాన్ పరమాణువులుంటాయి, వాటిలో డెబ్బై ఎనభై దాకా 29లే. ప్రతి 29 తనవంతు పిసరు క్షేత్రాన్ని కలుపుతుంది. అవి ఏయే గదుల్లో పడ్డాయన్నది ఒక్కో ఫాస్ఫరస్‌కు ఒక్కోలా ఉంటుంది. లెక్కలేనన్ని సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఆ మందపు గీతైంది. ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ ఎంతసేపు ఉంటుందన్న సమాచారమంతా అందులోనే ఉంది. విడదీసే దారే తెలియాలి.

ఫెహర్ 1956లో ప్రకటించిన దారి ఇది. ముందు ఎలక్ట్రాన్ గీత మీద మైక్రోవేవ్‌ను గట్టిగా పంపాలి. చాలా ఎలక్ట్రాన్లు భంగిమ మార్చుకోగా, పైన ఉన్నవీ కింద ఉన్నవీ సమానమై, ఇక మింగడానికేమీ మిగలక గీత చదునవుతుంది. అప్పుడు రెండో తరంగాన్ని, ఈసారి రేడియో తరంగాన్ని, పౌనఃపున్యం మెల్లగా మారుస్తూ పంపాలి. అది ఏదో ఒక కేంద్రకం తిరగబడే పౌనఃపున్యానికి తగిలిన క్షణాన ఆ కేంద్రకం భంగిమ మారుస్తుంది. దానితో ఎలక్ట్రాన్ల మధ్య కుదిరిన సమానత చెదిరి, చదునైన గీత మళ్లీ లేస్తుంది. కేంద్రకాన్ని నేరుగా వినాలంటే సంకేతం చాలా బలహీనం. ఎలక్ట్రాన్ సంకేతం దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. ఆ బలమైన సంకేతంలో వచ్చే మార్పును చూసి బలహీనమైన దాన్ని కొలవడం ఈ ఉపాయంలోని అసలు కిటుకు. జంట అనునాదం అనదగ్గ ఈ పద్ధతికి ప్రపంచమంతా ఎండార్ అనే పేరు స్థిరపడింది. ఫాస్ఫరస్ కేంద్రకం 53, 65 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతంలో పలికింది. 117.53 అంత కచ్చితంగా తెలిసింది ఈ పద్ధతితోనే. అక్కడితో ఆగకుండా చుట్టూ ఉన్న సిలికాన్-29లు కూడా ఒకదాని తర్వాత ఒకటి, తమతమ దూరాన్ని బట్టి వేరువేరు పౌనఃపున్యాల దగ్గర బయటపడ్డాయి.

1959లో ఫెహర్ అచ్చువేసిన ఫలితాల్లో అందరినీ ఆకట్టుకున్నది ఒకటుంది. దూరం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ ఉనికి నున్నగా తగ్గిపోవాలని మామూలు ఊహ. కొలతలు అలా లేవు. దగ్గరి గదిలో తక్కువ, కొంచెం దూరపు గదిలో ఎక్కువ, మళ్లీ తక్కువ. వాల్టర్ కోన్, హోక్విన్ లటింజర్ 1955లో కట్టిన సిద్ధాంతంలో దీనికి వివరణ ఉంది. సిలికాన్‌లో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లకు అతి తక్కువ శక్తి ఉండే లోయలు ఆరు, ఆరు దిక్కుల్లో. ఫాస్ఫరస్ దగ్గరున్న ఎలక్ట్రాన్ ఆరింటిలోనూ ఒకేసారి ఉంటుంది. ఆరు తరంగాలు కలిసినప్పుడు కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. ఆ ఎగుడుదిగుళ్లనుంచి వెనక్కి లెక్కకట్టి, లోయలు స్ఫటికపు తరంగ పరిధి అంచుకు 85 శాతం దూరంలో ఉన్నాయని ఫెహర్ తేల్చాడు. స్ఫటికమంతటికీ చెందిన ఒక మూల లక్షణాన్ని అందులో ఎక్కడో దూరదూరంగా పడివున్న కల్తీ చెప్పింది. అర్ధవాహక భౌతికశాస్త్రంలో ఇంత అందమైన కొలతలు కొన్నే ఉంటాయి.

ఈ ప్రయోగాలు సాగుతుండగా మరో వింత ఎదురైంది. మందపు గీతలో ఒక సన్నని ముక్కను మాత్రమే మైక్రోవేవ్‌తో చదును చేస్తే, ఆ శక్తి పక్క పరమాణువులకు పాకి మిగతా గీతంతా కాసేపట్లో చదునవుతుందని అనుకోవడం సహజం. అలా పాకలేదు. ద్రవ హీలియం ఉష్ణోగ్రతల దగ్గర స్పిన్లు వేల సెకన్ల పాటు పెట్టిన భంగిమలోనే ఉండిపోయాయి. అదే బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న ఫిలిప్ ఆండర్సన్‌ను ఈ ఫలితం పట్టుకుని వదల్లేదు. పరమాణువులు చిందరవందరగా పడివున్నప్పుడు, ఒక్కో చోట శక్తి ఒక్కోలా ఉన్నప్పుడు, తరంగం ముందుకు సాగక ఉన్నచోటే చిక్కుకుపోగలదని ఆయన 1958లో రాసిన వ్యాసం వాదించింది. చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1977లో నెవిల్ మాట్, జాన్ వాన్ వ్లెక్‌లతో పాటు ఆండర్సన్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. క్రమం లేని పదార్థాల్లో విద్యుత్ ప్రవాహం గురించి నేటి అవగాహనకు పునాదుల్లో ఆ వ్యాసం ఒకటి. ఫెహర్ మాత్రం సిలికాన్‌ను వదిలి శాన్‌డియాగోకు వెళ్లి, ఇవే అనునాద పద్ధతులతో కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ ఎలా కదులుతుందో వెదికాడు.

ఫాస్ఫరస్ కావాలని కలిపిన కల్తీ. కోరుకోని లోపాల సంగతి వేరు, వాటిని గుర్తించడం మరీ కష్టం. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాల వాటికి చిరునామా అయింది. అక్కడ జార్జ్ వాట్కిన్స్, జేమ్స్ కార్బెట్ సిలికాన్‌ను అతి శీతల స్థితిలో ఉంచి, దాని మీద 15 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి ఎలక్ట్రాన్లను కురిపించేవారు. ఆ తాకిడికి పరమాణువులు తమ చోటునుంచి ఎగిరిపోయి ఖాళీలు ఏర్పడతాయి. తర్వాత స్ఫటికాన్ని మెల్లగా వేడిచేస్తూ, అయస్కాంతంలో కొద్దికొద్దిగా తిప్పుతూ గీతలను చూసేవారు.

తిప్పడంలోనే కీలకం ఉంది. ఒంటరి ఫాస్ఫరస్ గీతలు స్ఫటికాన్ని ఎటు తిప్పినా కదలవు, దానికి అన్ని దిక్కులూ సమానమే. వంకరగా ఉన్న లోపానికి దిక్కు ఉంటుంది. తిప్పేకొద్దీ గీతలు విడిపోతాయి, ఒకదాన్నొకటి దాటుతాయి, కొన్ని కోణాల దగ్గర కలుస్తాయి. ఏ కోణం దగ్గర ఏవి కలిశాయో చూస్తే లోపం ఆకారం తెలుస్తుంది. వాట్కిన్స్ ఈ విద్యలో సాటిలేనివాడు. ఏ సూక్ష్మదర్శినికీ దొరకని కాలంలో పరమాణువుల అమరికను కాగితం మీద బొమ్మ గీసినట్టు చెప్పాడాయన.

ఉదాహరణకు, ఖాళీ ఒకటి తిరుగుతూ తిరుగుతూ ఫాస్ఫరస్ పక్కకు చేరితే ఏమవుతుంది? ఖాళీ చుట్టూ నాలుగు తెగిన బంధాలు. ఫాస్ఫరస్ తనవైపు రెండు ఎలక్ట్రాన్లతో తృప్తిపడుతుంది. మూడు సిలికాన్లలో రెండు ఒకదానితో ఒకటి బంధం కట్టుకుంటాయి. మూడోదాని దగ్గర ఒంటరి ఎలక్ట్రాన్ మిగులుతుంది, అదే గీత ఇస్తుంది. ఇలా జతపడ్డ ఫాస్ఫరస్ ఇక విద్యుత్తుకు ఎలక్ట్రాన్ దానం చేయదు. పైగా తిరిగే ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. ఖాళీ పక్కకు ఆక్సిజన్ చేరితే మరో రకం లోపం. మొదటిదానికి ఈ-కేంద్రం, రెండోదానికి ఏ-కేంద్రం అని పేర్లు.

వాట్కిన్స్ కొలతల్లో ఆశ్చర్యం కలిగించేది ఖాళీల చురుకుదనం. ఎన్-రకం సిలికాన్‌లో అవి 70 కెల్విన్ దగ్గరే, అంటే ద్రవ నైట్రోజన్ కంటే చల్లగా ఉన్నప్పుడే, కదలడం మొదలుపెడతాయి. చోటు తప్పి ఎగిరిపోయిన సిలికాన్ పరమాణువులైతే ఇంకా వేగం. అల్యూమినియం కలిపిన సిలికాన్‌ను 4 కెల్విన్ దగ్గర కొట్టినా, గీతలు తీసేసరికే అవి ప్రయాణం చేసి అల్యూమినియాన్ని దాని చోటునుంచి తోసేసి ఉండేవి. గది ఉష్ణోగ్రత దగ్గర ఒంటరి ఖాళీ అంటూ మిగలదన్న సంగతి అలా తెలిసింది. మిగిలేవి ప్రధానంగా కల్తీలతో జతకట్టినవే. కాబట్టి ఏ కల్తీ ఎంత ఉందన్నదే దెబ్బతిన్న పరికరం భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఇది కేవలం ప్రయోగశాల ముచ్చట కాదు. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీద అంతరిక్షంలో స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే అణుబాంబును పేల్చింది. మర్నాడే టెల్‌స్టార్ ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. పేలుడు వదిలిన వేగవంతమైన ఎలక్ట్రాన్లు దాని ట్రాన్సిస్టర్లను తూట్లు పొడిచాయి. కొన్ని నెలల్లోనే దానికి ఆదేశాలు అందడం మానేశాయి. సౌర ఘటాల విషయంలో ముందుజాగ్రత్త పడ్డారు: అడుగు పొరలో ఫాస్ఫరస్ కంటే బోరాన్ ఉన్న ఘటాలు ఈ తాకిడిని బాగా ఓర్చుకుంటాయని అప్పటికే పరీక్షల్లో తేలడంతో అటువంటివే అమర్చారు. అంతరిక్షంలో సిలికాన్‌కు ఏమవుతుందో పరమాణువు స్థాయిలో చెప్పగలిగింది స్కెనెక్టడీ గీతలే.

ఇదే కోవలో చిప్పుల లోపల, సిలికాన్‌కూ దానిపై ఆక్సైడ్ పొరకూ మధ్య సరిహద్దులో తెగిన బంధాలను కూడా 1970ల నుంచి అనునాదంతోనే గుర్తించారు. హైడ్రోజన్ కలిసిన వాయువులో వేడిచేస్తే ఆ బంధాలకు హైడ్రోజన్ అతుక్కుని అవి నోరు మూసుకుంటాయి. చిప్పుల కార్ఖానాల్లో ఈ పని మామూలు దశల్లో ఒకటైపోయింది.

సిలికాన్-29 గొడవ లేకుండా చేస్తే ఫాస్ఫరస్ ఎలక్ట్రాన్ ఎంతసేపు తన లయ నిలుపుకుంటుంది? 1958లోనే బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ గోర్డన్, కె. డి. బవర్స్, సిలికాన్-28ను ఎక్కువ చేసిన స్ఫటికంలో అర మిల్లీసెకను దాకా చూశారు. అప్పట్లో అది ఎవరికి పనికొస్తుందో ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1998లో, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బ్రూస్ కేన్, సిలికాన్‌లోని ఒక్కో ఫాస్ఫరస్ కేంద్రకాన్ని క్వాంటమ్ కంప్యూటర్‌లో ఒక్కో అంకెగా వాడుకోవచ్చని ప్రతిపాదించాడు. దానితో పాత కొలతలన్నీ మళ్లీ బల్లల మీదికి వచ్చాయి. కిలోగ్రాము ప్రమాణాన్ని కొత్తగా నిర్వచించే కృషి కోసం తయారైన 99.99 శాతానికి పైగా శుద్ధమైన సిలికాన్-28 ఈ ప్రయోగాలకు వరమైంది. 2012లో అటువంటి స్ఫటికంలో ఎలక్ట్రాన్ లయ సెకన్లు దాటింది. 2013లో, ఐదో ఎలక్ట్రాన్‌ను తీసేసిన ఫాస్ఫరస్ కేంద్రకం గది ఉష్ణోగ్రత దగ్గరే 39 నిమిషాలు నిలబడింది.

మామూలు అనునాద యంత్రానికి గీత కనిపించాలంటే కోట్లకొద్దీ స్పిన్లు కావాలి. 2012లో సిడ్నీ బృందం ఒక్క ఫాస్ఫరస్‌తో ఆ పని చేసింది. మైక్రోవేవ్ శక్తిలో తగ్గుదలను చూడటం మానేసి, ఎలక్ట్రాన్‌నే దూతగా వాడారు. పరమాణువు పక్కనే అతి సున్నితమైన ట్రాన్సిస్టర్ ఉంటుంది. ఒక భంగిమలో ఎలక్ట్రాన్‌కు దానిలోకి దూకేంత శక్తి ఉంటుంది, రెండో భంగిమలో ఉండదు. దూకిన క్షణాన ప్రవాహం మారుతుంది. ఫెహర్ 117.53 అని కొలిచినది ఇక్కడ సరిగ్గా అంతే రాదు. పైనున్న లోహపు గేట్ల విద్యుత్ క్షేత్రం, స్ఫటికంలోని ఒత్తిడి దాన్ని జరుపుతాయి. ఎంత జరిగిందో చూసి ఆ పరమాణువు ఇరుగుపొరుగులు ఎలా ఉన్నాయో చెప్పవచ్చు.

2020లో అదే బృందం నుంచి వచ్చిన ఫలితం మరీ విశేషం. ఆండ్రియా మొరెల్లో నాయకత్వంలో వాళ్లు ఈసారి ఒక్క ఆంటిమొనీ-123 పరమాణువును సిలికాన్‌లో నాటారు. దాని కేంద్రకానికి ఎనిమిది భంగిమలు. వాటిని అయస్కాంత తరంగంతో కదిలించాలని పక్కనే సన్నటి లోహపు యాంటెన్నా అమర్చారు. శక్తి ఎక్కువ పంపడంతో అది తెగిపోయింది. తెగిన తీగలో ప్రవాహం లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రమూ లేదు. అయినా కేంద్రకం స్పందిస్తూనే ఉంది. తెగిన కొస దగ్గర బలమైన విద్యుత్ క్షేత్రం మిగిలింది, దాన్ని కదిలించినది అదే. స్పిన్ సగం ఉన్న ఫాస్ఫరస్ కేంద్రకానికి ఇది సాధ్యం కాదు. ఆంటిమొనీ కేంద్రకంలో ఆవేశం గుండ్రంగా పరచుకుని ఉండదు, అందువల్ల విద్యుత్ క్షేత్రపు ఎగుడుదిగుళ్లు దానికి తెలుస్తాయి. నికొలాస్ బ్లూంబర్గెన్ 1961లో సూచించిన ఈ ప్రక్రియను ఒక్క కేంద్రకంలో చూడటం అదే మొదలు. ఎనిమిది భంగిమల మధ్య ఏడు మెట్లున్నాయి, వాటి ఎత్తులు సమానంగా లేవు. ఆ తేడాలను లెక్కకట్టి, పైనున్న అల్యూమినియం గేట్లు చల్లారి ముడుచుకున్నప్పుడు కిందనున్న సిలికాన్ ఎంత సాగిందో వాళ్లు ఆ ఒక్క పరమాణువు దగ్గరే కొలిచారు.